ఆదివారం హిమేజీ కోట ట్రిప్: ఒకసారి అందరూ చదవండి

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 7:45కల్లా జేఆర్ (జపాన్ రైల్వేస్) ఒసాకా స్టేషన్ సెంట్రల్ గేటు దగ్గర కలుద్దాం. షింకైసోకు (తక్కువ స్టేషన్లలో ఆగే స్పీడు లోకల్) రైలెక్కితే గంటలో హిమేజీ. షింకన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) అక్కర్లేదు, డబ్బు దండగ. ఇకోకా కార్డులో (రైలు ఛార్జీకి వాడే ప్రీపెయిడ్ కార్డు) ముందే బ్యాలెన్స్ వేసుకోండి.

కోట 9 గంటలకు తెరుస్తారు. తొందరగా వెళ్తేనే మెట్ల దగ్గర క్యూ తప్పుతుంది. 1609లో పూర్తయిన చెక్క కట్టడం, లిఫ్ట్ లేదు. పైకి వెళ్లేకొద్దీ మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మొహమాటపడకుండా కిందే ఆగిపోండి, పక్కనే కోకోయెన్ తోట ఉంది. నన్నడిగితే కోట కన్నా అదే హాయి.

లోపల చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని తిరగాలి. అందుకని సాక్సులు తప్పనిసరి, చీరలు వద్దు. స్ట్రోలర్లు లోపలికి రానివ్వరు.

పిల్లలకు ఒక పని: రాతి గోడలో ఇనుప వల కప్పిన తిరగలి రాయిని వెతకాలి. ఇప్పటి కోటకు ముందు జపాన్ సేనాని హిదెయోషి ఇక్కడ కోట కట్టిస్తుంటే రాళ్లు చాలలేదని ఒక పేద అవ్వ తన తిరగలి ఇచ్చేసిందట. ముందు కనిపెట్టినవాళ్లకు ఐస్‌క్రీమ్ నా ఖర్చు.

భోజనం కోట ముందు మైదానంలో. పులిహోర మేం తెస్తాం, పెరుగన్నం, చిప్స్ ఎవరు తెస్తారో చెప్పండి. చెత్తబుట్టలు దొరకవు, ఇంటికో కవరు తెచ్చుకోండి.

ఎంతమంది వస్తున్నారో, పిల్లల వయసుతో సహా, శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి. థంబ్స్‌అప్ పెట్టి ఊరుకుంటే లెక్కలోకి రాదు 😄