మేడమ్ మీద అరిచిన నాన్న రాస్తున్నది

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాని. మా ఆరేళ్ల పాపకి ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అని తెలిసి ఎనిమిది నెలలు. మొన్న సోమవారం మెయింటెనెన్స్ అనే చివరి దశ చికిత్సలోకి వచ్చాం. ఇక దాదాపు రెండేళ్లు ఎక్కువగా ఇంట్లో మాత్రలే.

ముందు డాక్టరు మేడమ్‌కి క్షమాపణ. పక్క బెడ్ బాబుకి ఎక్కించినంత ఎర్ర మందు (ఎర్రగా ఉండే కీమో మందు) మా పాపకి ఎక్కించట్లేదని వార్డులో అందరి ముందూ అరిచాను. "మాది కార్డు కేసు అనేగా?" అన్నాను కూడా. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ కోప్పడలేదు. "ఆ బాబు సంగతి మీకు చెప్పకూడదు, మీ పాపది చెబుతా రండి" అని కూర్చోబెట్టారు. వయసు ఒకటికీ పదికీ మధ్య. మొదటి రోజు తెల్లకణాలు 50,000 లోపే. స్టెరాయిడ్ మొదలుపెట్టిన ఎనిమిదో రోజుకి రక్తంలో చెడ్డకణాలు బాగా తగ్గాయి. మొదటి దశ అయ్యాక ఇంకా మిగిలిన చెడ్డకణాల్ని వెతకడానికి మూలుగలో చేసిన ఎంఆర్‌డీ పరీక్షలో పదివేల కణాలకి ఒక్క చెడ్డకణం కూడా లేదు. జన్యువుల్లో ప్రమాదకరమైన మార్పులూ లేవు. అందుకే తక్కువ రిస్కు. ఇలాంటి పిల్లలకి ఎర్ర మందు అవసరానికి మించి ఇస్తే, పెద్దయ్యాక గుండె దెబ్బతినొచ్చట. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, తేమ చూసి, తాలు చూసి గానీ ధర కట్టని నాకు ఇది తట్టకపోవడమే విచిత్రం.

ఆ ఎంఆర్‌డీ పరీక్షకి డబ్బు సర్దిన మా కమీషన్ షాపు అయ్యగారికి, అడగకుండానే తలా వంద వేసిన హమాలీ అన్నలకి దణ్ణాలు. పాప ఏడవకుండా సూది గుచ్చే నైట్ డ్యూటీ సిస్టర్‌కి కూడా.

ఇక భోగి రాత్రి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల కౌంటు తొమ్మిది వేలకి పడి పాప ముక్కులోంచి రక్తం ఆగలేదు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకి మించి నిల్వ ఉండవు, పండక్కి దాతలంతా ఊళ్లకి పోయారు. ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ చూసి విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. గంటన్నర ప్లేట్‌లెట్లు తీసే మెషీన్ మీద పడుకుని, నేను టీ తెచ్చేలోగా వెళ్లిపోయాడు.

తమ్ముడూ, నీ హెల్మెట్ మా దగ్గరే ఉంది. పాప దాని నిండా సీతాకోకచిలుక స్టిక్కర్లు అంటించేసింది, ఏమనుకోకు.