ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం: ఇంకెన్నాళ్లు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ చదువుల పేజీలో వేసిన జీవశాస్త్రం ఒక మార్కు బిట్ల గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు రాస్తారని, లేకపోతే మీరే సవరణ వేస్తారని నాలుగు రోజులు చూశాను. ఏదీ కనబడలేదు.

మూడో బిట్టు: 'మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి.' పదకొండో బిట్టు: 'ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం ప్రవహిస్తాయి.' పక్కనే సగం ఎరుపు, సగం నీలం వేసిన గుండె బొమ్మ. ఆ రంగులు గుర్తు కోసమే తప్ప మన ఒంట్లో నీలం రక్తం ఎక్కడా ఉండదని కింద ఒక్క ముక్క లేదు. నేను ఇరవై ఆరేళ్లు హైస్కూల్లో ఈ పాఠాలే చెప్పి రిటైరయ్యాను. ఈ రెండు మాటలూ పిల్లల బుర్రలోంచి తీయడానికి ఏటా ఎంత తంటాలు పడ్డానో నాకు తెలుసు. పరీక్షల ముందు పేపర్లో అచ్చయిన మాటను పిల్లలు టీచరు మాట కన్నా గట్టిగా నమ్ముతారు.

శ్వాసక్రియ అంటే ముక్కుతో గాలి పీల్చి వదలడం కాదు. కణం లోపల గ్లూకోజు విడిపోయి శక్తి బయటపడటం. ఆ శక్తి ఏటీపీ అనే అణువు రూపంలో కణానికి అందుతుంది. 1929లో ఆ ఏటీపీని కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. అలాంటి పాఠం మన పిల్లలకు తప్పుగా అందితే బాధ కలగదా? మొక్కలో బతికున్న ప్రతి కణానికీ పగలూ రాత్రీ శక్తి కావాలి. వెలుతురే చూడని వేరు పగలంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చోదు కదా! కుండీలో నీళ్లు నిలిచిపోతే మొక్క చచ్చిపోయేది వేళ్లకు ఆక్సిజన్ అందకే. పగలు ఆకులో తయారయ్యే ఆక్సిజన్ మొక్క వాడుకునే దానికన్నా చాలా ఎక్కువ కాబట్టి, బయటికి వచ్చేది మాత్రమే మనకు తెలుస్తుంది. అంతే తప్ప శ్వాసక్రియ ఆగదు. ఈ నాలుగు వాక్యాలు వేయడానికి మీ పేజీలో చోటు లేదా?

ఇక రక్తం సంగతి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. అది దారిని బట్టి పెట్టిన పేరు, రక్తంలో ఏముందో దాన్ని బట్టి కాదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఉంటుంది, తిరిగి వచ్చే పుపుస సిరలో ఎక్కువున్న రక్తం. మీ బిట్టు బట్టీపట్టిన పిల్లవాడికి ఈ ప్రశ్న వస్తే ఏం రాయాలి? అసలు రక్తదానం చేసేటప్పుడు సూది గుచ్చేది సిరకే. మీరు చెడు అన్న ఆ రక్తమే ఇంకొకరి ప్రాణం నిలబెడుతోంది.

తప్పంతా మీదేనని నేననను. పరీక్ష పేపర్లు అలా ఉన్నాయి కాబట్టే గైడ్లు అలా వస్తున్నాయి, మీ పేజీ కూడా అలాగే వస్తోంది. మైటోకాండ్రియాకు మరో పేరు అడుగుతారు, కణశక్త్యాగారం అని రాస్తే మార్కు వేస్తారు. ఆ శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగరు. సిలబస్ మార్చిన ప్రతిసారీ పిల్లల మీద భారం తగ్గిస్తున్నామని అధికారులు చెబుతారు. తీరా చూస్తే ఎందుకు, ఎలా అని వివరించే పేజీలు పోతాయి, బట్టీపట్టాల్సిన పేర్లు మిగులుతాయి.

తొమ్మిదో తరగతి మొదటి రోజు నేను ఒకటే ప్రశ్న అడిగేదాన్ని: ఇంత పెద్ద చెట్టుకు ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? క్లాసంతా ఒక్క గొంతుతో నేలలోంచి అనేది. అప్పుడు వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త కథ చెప్పేదాన్ని. ఆయన 200 పౌన్ల ఎండు మట్టిలో 5 పౌన్ల మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లే పోశాడు. చెట్టు 169 పౌన్లయింది, మట్టి తగ్గింది 2 ఔన్సులే. అంతా నీళ్ల వల్లే అనుకున్నాడాయన. 1648లో ఆ సంగతి అచ్చయ్యేనాటికి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉందనీ, ఆకు దాన్ని తీసుకుంటుందనీ తేలలేదు. గాలిలో 0.04 శాతమే ఉండే ఆ వాయువు చెక్కగా మారుతుందని తెలిసినప్పుడు పిల్లల కళ్లు చూడాలి! ఆ సంతోషం ఏ బిట్టులో ఉంది?

ప్రయోగాల మాట చెబితే ఇంకా బాధ. ఒక బడికి ప్రాక్టికల్స్ చూడటానికి వెళ్లాను, పేరు వద్దు. అరపత్ర ప్రయోగం ముప్పై ఎనిమిది రికార్డుల్లోనూ ఒకే తేదీతో, ఒకే వాక్యంతో ఉంది. ఒక అబ్బాయిని పిలిచి, అయొడిన్ వేస్తే ఆకులో ఏ సగం నల్లబడింది నాన్నా అంటే, "రెండూ మేడం" అన్నాడు. ఆకులో సగాన్ని సీసాలో పెట్టి దానికి కార్బన్ డయాక్సైడ్ అందకుండా చేసి, అక్కడ పిండిపదార్థం తయారు కాదని, అందుకే అయొడిన్ వేసినా ఆ సగం నల్లబడదని చూపడమే ఆ ప్రయోగం! బీరువా తీయిస్తే అయొడిన్ సీసా సీలు కూడా విప్పలేదు. ప్రతి రికార్డు మీదా తనిఖీ అధికారి సంతకం మాత్రం ఉంది. సంతకం చేసేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగినా తెలిసిపోయేది.

ఇవన్నీ మార్కులతో పోయే విషయాలు కావు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి పెళ్లయ్యాక వచ్చింది. భార్యాభర్తలిద్దరూ తలసీమియా అనే వంశపారంపర్య రక్తపు జబ్బుకు వాహకులు, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువును మోసేవాళ్లు. మొదటి బిడ్డకు జబ్బు. "మీరు చెప్పిన 3:1 ప్రకారం ఒకరికి వచ్చేసింది కదా మేడం, ఇక ముగ్గురికి రాదు కదా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో బఠాణీ మొక్కల మీద చూసిన మెండెల్‌కు ఆ మూడుకు ఒకటి నిష్పత్తి కనిపించింది 7,324 గింజలు లెక్కపెడితే. 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. నాలుగు గింజలు తీస్తే మూడూ ఒకటీ అని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం మళ్లీ మొదటి నుంచే. ఆ అమ్మాయికి పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చాయి. నిష్పత్తి చెప్పాను గానీ దాని అర్థం తనకు చేరిందో లేదో నేను చూడలేదు.

పరీక్షలకు ఇంకా టైముంది. మూడు, పదకొండు బిట్లకు సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. గుండె బొమ్మ మళ్లీ వేసి పుపుస ధమని, పుపుస సిర పేర్లు రాయండి, రంగులు దేనికో కింద చెప్పండి. రాసిచ్చే మనిషి లేకపోతే నేను రాసి పంపిస్తాను, పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
రిటైరైన జీవశాస్త్రం టీచరు