లాయరమ్మ గారికి, జామీను నిలబడ్డ ఇద్దరికీ

అందరికీ నమస్కారం. మా తమ్ముడి కేసు చూస్తున్న లాయరమ్మ గారికి కొత్త బియ్యం ఒక బస్తా తీసుకెళ్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. "లీగల్ ఎయిడ్‌లో పనిచేసేవాళ్లం, మీ దగ్గర ఏమీ తీసుకోకూడదమ్మా" అన్నారు. లీగల్ ఎయిడ్ అంటే సర్కారు ఖర్చుతో ఉచితంగా లాయరుని ఇవ్వడం. పేరు కూడా రాయొద్దన్నారు. పేరు లేకుండానైనా ఈ నాలుగు మాటలు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

మాది కృష్ణా డెల్టాలో చిన్న పల్లె. కిందటేడు ఊడ్పులప్పుడు బోదె నీళ్ల దగ్గర మా తమ్ముడికీ, పక్క చేను బాబాయికీ మాటామాటా పెరిగింది. తమ్ముడి చేతిలో పార ఉంది. బాబాయి ముంజేతికి అయిదు కుట్లు పడ్డాయి. మావాడి తప్పు లేదని నేను అనను.

రెండు రోజులకి విచారణకి రమ్మని స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది. మా ఊళ్లో ఇప్పటికీ 41ఏ నోటీసు అనే అంటారు. 2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక సెక్షన్ నంబరు మారి అది 35(3) నోటీసు అయింది. "సంతకం పెట్టావంటే లోపలేస్తారు, కొన్నాళ్లు ఎటైనా వెళ్లిపో" అని ఎవరో చెబితే, తమ్ముడు హైదరాబాద్ బస్సెక్కాడు. నేనే ఛార్జీలకి డబ్బులిచ్చాను. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో మనిషిని ఊరికే అరెస్టు చేయకుండా పిలిచి విచారించడానికే ఆ నోటీసు అని నాకు తర్వాత తెలిసింది. 2014లో సుప్రీంకోర్టు అర్ణేష్ కుమార్ కేసులో దీని గురించి గట్టిగానే చెప్పిందట. పిలిచినప్పుడల్లా వెళ్తుంటే, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణం రాసుకుంటే తప్ప పట్టుకోకూడదు. వెళ్లకపోతే ఆ కారణం మనమే చేతికిచ్చినట్టు. మా విషయంలో అదే జరిగింది.

అరెస్టు చేశాక 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, పెట్టారు. ఆ రోజు కోర్టు బయట చెట్టు కింద ఒకాయన నన్ను పక్కకి పిలిచి, నలభై వేలిస్తే సాయంత్రానికి బయటికి తెస్తానన్నాడు. అమ్మ మెళ్లో గొలుసు తీసి నా చేతిలో పెట్టింది. తాకట్టు కొట్టుకి బయల్దేరబోతుంటే లాయరమ్మ గారు వచ్చి, "ఆ అబ్బాయికి అక్కవా? కూర్చో" అన్నారు. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉందట. ఆడవాళ్లకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ కూడా అంతే. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. దాని ముందు నుంచే మూడుసార్లు నడిచాను, బోర్డు చదవలేదు. ఫోన్ చేయాలన్నా 15100 నంబరు ఉంది.

"నాన్ బెయిలబుల్ అని రాశారు, ఇక రాడా అండీ?" అని ఏడ్చాను. బెయిల్ అసలు రాదని దానర్థం కాదట. స్టేషన్లో హక్కుగా అడిగి తీసుకునేది కాదు, ఇవ్వాలో వద్దో కోర్టు ఆలోచించి చెబుతుంది, అంతే. ఇంత చిన్న మాట చెప్పేవాళ్లు లేకే మేం రెండు రాత్రులు అన్నం ముట్టలేదు.

తమ్ముడేమో "స్టేషన్లో ఒప్పేసుకున్నానక్కా, ఇంకేముంది" అని తల వంచుకున్నాడు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో నేరానికి రుజువు కాదని ఆవిడ వాడికి చెప్పారు. అయితే వాడు చెప్పినదాన్ని బట్టి వస్తువేదైనా దొరికితే ఆ మేరకు లెక్కలోకి వస్తుందనీ చెప్పారు. పార అలాగే దొరికింది. అదీ దాచలేదు. "నా దగ్గర మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నారు. వాడు చెప్పాడు.

తప్పు చేసినవాడికి సర్కారు డబ్బుతో లాయరేంటని ఊళ్లో అన్నవాళ్లున్నారు. నాకూ ఆ అనుమానం ఉండేది, ఆవిడనే అడిగేశాను. "అయిదు కుట్లు పడేలా కొడితే అయిదు కుట్లకే శిక్ష పడాలి, పదింటికి పడకూడదు. అది చూసుకోవడం నా పని" అన్నారు. ఆ మాటకి చేతులెత్తి దండం పెట్టాను.

తొమ్మిదో రోజున బెయిల్ వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. మా మేనమామ, ఎదురింటి అన్నయ్య ఇంటి పన్ను రసీదులు, ఆధార్ కార్డులు పట్టుకుని వచ్చారు. ఊడ్పులు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. కూలీల్ని చేలో వదిలేసి ఇద్దరూ సాయంత్రం దాకా కోర్టు వరండాలో నిలబడ్డారు. మామయ్యా, అన్నయ్యా, ఆ రోజు మీకు మంచినీళ్లు కూడా ఇవ్వలేకపోయాను.

బాబాయి కాళ్లు పట్టుకుని క్షమాపణ అడుగుతానంటే లాయరమ్మ గారు నన్ను ఆపారు. కేసు నడుస్తుండగా ఇంటికెళ్తే సాక్షిని బెదిరించారనో బతిమాలారనో అవుతుంది, బెయిలే పోవచ్చు, రాజీ మాట ఏదైనా ఉంటే కోర్టు ద్వారానే అన్నారు. బాబాయ్, అందుకే నేను రాలేదు. మీ చెయ్యి బాగైందని పిన్ని ఎవరితోనో అంటుంటే విని దేవుడికి దీపం పెట్టాను.

కేసు ఇంకా అయిపోలేదు. ప్రతి వాయిదాకీ తమ్ముడు మొదటి బస్సుకే వెళ్తున్నాడు. అమ్మ గొలుసు అమ్మ మెళ్లోనే ఉంది. లాయరమ్మ గారూ, బియ్యం తీసుకోలేదు, కనీసం మా నమస్కారం తీసుకోండి.