బొమ్మ చూపకుండా బొమ్మ గురించి ఎలా చెప్పాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. విద్యార్థుల కోసం తయారయ్యే విజ్ఞాన సర్వస్వాల్లో చిత్రకళ వ్యాసాలను పరిష్కరించే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఆ పనిలో కాపీరైట్ వల్ల పదే పదే ఎదురవుతున్న ఒక చిక్కును మీ పాఠకుల ముందు, ముఖ్యంగా ప్రచురణకర్తల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ మధ్య ఒక సంపుటం చివరి ప్రూఫులు చూస్తుండగా, ఇరవయ్యో శతాబ్దపు చిత్రకళ మీద రాసిన వ్యాసంలో బొమ్మలు ఉండవలసిన చోట్ల బూడిదరంగు గళ్లు కనిపించాయి. పక్కన పెన్సిలుతో ‘అనుమతి రాలేదు, తీసేయండి’ అని రాసి ఉంది. వ్యాసం మాత్రం ‘ఎడమ వైపున్న తల్లిని గమనించండి’ అని విద్యార్థికి చెబుతూనే ఉంది.

ఆ తల్లి పికాసో 1937లో వేసిన ‘గెర్నికా’లోని తల్లి. చనిపోయిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని తల వెనక్కి వాల్చి ఏడుస్తుంటుంది. ఆమె పైన ఎద్దు తల, మధ్యలో గాయపడి నోరు తెరిచిన గుర్రం, దానిపైన విద్యుద్దీపం, కుడి చివర మంటల్లో చేతులెత్తిన మనిషి, కింద విరిగిన కత్తి పట్టుకుని పడిపోయిన సైనికుడు. వీటిలో ఏ ఒక్కదాన్ని కత్తిరించి చూపినా ఆ చిత్రం అర్థం కాదు, ఎందుకంటే చిందరవందరగా కనిపించే ఆ రూపాలన్నింటినీ ఒక పెద్ద త్రికోణంలో నిలిపిన కూర్పులోనే దాని బలమంతా ఉంది. పద్యం గురించి రాసేవారు ఒక పాదం ఉటంకిస్తే చాలు, పాఠకుడికి దాని నడక తెలుస్తుంది. చిత్రం అలా కాదు. అందులో ఒక పాదం అంటూ ఉండదు, చూపితే మొత్తం చూపాలి. కాపీరైట్ వివాదాల్లో అడిగే, పరుల రచన నుంచి ‘ఎంత భాగం’ తీసుకున్నారన్న ప్రశ్న సాహిత్యానికి సరిపోయినట్టు చిత్రకళకు సరిపోకపోవడానికి కారణం ఇదే.

చిత్రం విషయంలో ఆ కొలతను భాగంతో కాకుండా పరిమాణంతో, స్పష్టతతో చూడాలని నా అభిప్రాయం. ‘గెర్నికా’ అసలు ఎత్తు సుమారు మూడున్నర మీటర్లు, వెడల్పు ఎనిమిది మీటర్లకు కాస్త తక్కువ. దాన్ని పుటలో ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున అచ్చు వేస్తే అసలు వెడల్పులో దాదాపు వందో వంతు అవుతుంది. ఆ పరిమాణంలో త్రికోణం తెలుస్తుంది, తల్లి కనిపిస్తుంది, దీపం ఎక్కడుందో అర్థమవుతుంది. గుర్రం ఒంటి మీద వార్తాపత్రిక అక్షరాలను తలపించేలా వేసిన సన్నని గీతలు మాత్రం కనపడవు. అంటే పాఠం చెప్పడానికి కావలసినంతే పుటలోకి వస్తుంది. చిత్రాన్ని చిత్రంగా అనుభవించాలంటే అసలు ముందో, హక్కుదారుల అనుమతితో వెలువడిన మంచి ప్రతి ముందో నిలబడాల్సిందే.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం ఈ అవసరాన్ని పూర్తిగా కాదనలేదు. విమర్శ, సమీక్ష, పరిశోధన వంటి ప్రయోజనాల కోసం ఒక కృతిని న్యాయంగా వాడుకుంటే అది ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతుంది, అది చిత్రాలకూ వర్తిస్తుంది. బోధన సందర్భంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ చేసుకునే ప్రతులకూ రక్షణ ఉంది. పుస్తకాల్లోని భాగాలను ఫోటోకాపీ తీసి విద్యార్థులకు ఇవ్వడంపై నడిచిన ఢిల్లీ విశ్వవిద్యాలయం కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో ఆ రక్షణకు విశాలమైన అర్థం చెప్పింది. అయితే ఆ వెసులుబాటు పాఠం చెప్పేవారికీ వినేవారికీ దొరికినంత స్పష్టంగా, ఆ పాఠానికి ఆధారమయ్యే గ్రంథాన్ని అచ్చు వేసేవారికి దొరకదు. బోధన కోసం కూర్చే సంకలనాల్లో ఇతరుల రచనల నుంచి చిన్న చిన్న భాగాలు చేర్చుకోవచ్చని అదే సెక్షన్‌లో ఇంకో నిబంధన ఉంది కానీ, అది సాహిత్య, నాటక రచనల పేర్లే చెబుతుంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పం ఫోటోను ప్రచురించడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. చిత్రకళ దగ్గరికి వచ్చేసరికి ప్రచురణకర్త ‘విమర్శ, సమీక్ష’ అన్న రెండు మాటల మీదే ఆధారపడాలి. విజ్ఞాన సర్వస్వంలోని వ్యాసం విమర్శ కిందికి వస్తుందా అని వకీలును అడిగితే నిక్కచ్చిగా జవాబు రాదు. జవాబు రాని చోట భయం మిగులుతుంది. బూడిదరంగు గళ్లు వచ్చింది ఆ భయం వల్లనే.

ఈ భయం మన చిత్రకళా చరిత్రనే వంకర చేస్తోంది. చిత్రకారుడు మరణించిన మరుసటి ఏడాది ఆరంభం నుంచి అరవై ఏళ్లు కాపీరైట్ హక్కు ఉంటుంది. 1906లో మరణించిన రవివర్మ, 1925లో మరణించిన దామెర్ల రామారావు, 1941లో మరణించిన అమృతా షేర్‌గిల్ చిత్రాలు ఆ గడువు దాటాయి కాబట్టి పుస్తకాల్లో ధారాళంగా కనిపిస్తాయి. 1972లో మరణించిన జామినీ రాయ్ చిత్రాలకు 2032 చివరి దాకా, 1992లో మరణించిన వడ్డాది పాపయ్య చిత్రాలకు 2052 చివరి దాకా, 2011లో మరణించిన ఎం.ఎఫ్. హుసేన్ చిత్రాలకు 2071 చివరి దాకా గడువుంది. మొదటి వరుస వారికి రంగుల బొమ్మలు, రెండో వరుస వారికి రెండు పేరాల వర్ణన. పుస్తకం తిరగేసిన పిల్లవాడు మొదటివారే గొప్పవారని అనుకుంటే తప్పు అతనిది కాదు.

అంతర్జాతీయంగా చూస్తే ఈ కోరిక కొత్తదేమీ కాదు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం పదో అధికరణం, బోధన కోసం వెలువడే ప్రచురణల్లో సాహిత్య కృతులనే కాక కళాకృతులనూ ఉదాహరణగా చూపడానికి సభ్యదేశాలు తమ చట్టాల ద్వారా అనుమతించవచ్చని చెబుతుంది. ఆ వాడకం న్యాయమైన పద్ధతిలో ఉండాలనీ, మూలాన్నీ కర్త పేరునూ పేర్కొనాలనీ షరతులు పెట్టింది. అమెరికాలో 2006లో ఒక అప్పీలు కోర్టు ఇలాంటి వివాదంలోనే తీర్పు ఇచ్చింది. ఒక సంగీత బృందం చరిత్రను కాలక్రమంలో చెప్పే 480 పుటల పుస్తకంలో, డార్లింగ్ కిండర్స్‌లీ ప్రచురణ సంస్థ కచేరీ పోస్టర్లు, టికెట్ల మీది ఏడు బొమ్మలను అనుమతి లేకుండానే బాగా చిన్నవి చేసి వేసింది. చరిత్ర చెప్పడానికి వాడారు, పరిమాణం తగ్గించారు, పుస్తకం మొత్తంలో అవి ఆక్రమించిన చోటు అత్యల్పం, కనుక అది న్యాయమైన వినియోగమేనని కోర్టు తేల్చింది. అంతకుముందు రుసుము గురించి బేరసారాలు జరిగినంత మాత్రాన ఆ హక్కు పోదని కూడా చెప్పింది. ఆ తీర్పు మన కోర్టులకు శిరోధార్యం కాదు. కానీ అందులో చూసిన కొలతలు, అంటే ప్రయోజనం, పరిమాణం, మార్కెట్ మీద పడే ప్రభావం, ఎక్కడైనా పనికొచ్చేవే.

ఇది చిత్రకారుల పొట్ట కొట్టడం కాదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. కుంచెనే నమ్ముకుని బతికేవారికి పునర్ముద్రణ రుసుము చిన్న ఆదాయం కాదు. అందుకే ముఖచిత్రంగా, పోస్టరుగా, క్యాలెండరుగా, పుట నిండా వేసే రంగుల ప్రతిగా వాడుకుంటే అనుమతి తీసుకోవాల్సిందే, డబ్బు చెల్లించాల్సిందే. వ్యాసంలో చర్చించని చిత్రాన్ని పుట అందం కోసం వేసుకోవడాన్ని కూడా నేను సమర్థించను. వ్యాసం ఏ చిత్రం గురించి మాట్లాడుతుందో ఆ చిత్రాన్ని, ఆ మాటల పక్కనే, గుర్తుపట్టడానికి సరిపడేంత చిన్నదిగా వేయడం గురించే నా వాదన. అలాంటి ప్రతిని కత్తిరించి ఎవరూ గోడకు తగిలించుకోరు.

ప్రచురణకర్తల వైపు కూడా లోపం ఉంది. ఒకసారి నా చేతికి వచ్చిన ప్రూఫులో ఒక చిత్రం కుడి ఎడమలు తారుమారై ఉంది, కింద చిత్రకారుడి పేరుకు బదులు బొమ్మ సరఫరా చేసిన సంస్థ పేరుంది. కర్తకు తన కృతి మీద పేరు ఉండాలని కోరే హక్కునూ, ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కునూ 57వ సెక్షన్ ఇస్తుంది. న్యాయమైన వినియోగం అడిగేవాళ్లం ముందు ఆ మర్యాద పాటించాలి. కర్త పేరు, చిత్రం పేరు, ఏడాది, మాధ్యమం, అసలు కొలతలు, ఇప్పుడు ఎక్కడుందో ప్రతి బొమ్మ కింద ఉండాలి. కొలతలు తప్పనిసరిగా ఉండాలని నేను పట్టుబడతాను, ఎందుకంటే గోడంత చిత్రమూ అరచేయంత చిత్రమూ పుటలో ఒకే సైజులో కనిపిస్తాయి.

చట్టాన్ని ఈసారి సవరించినప్పుడు, బోధన సంకలనాల నిబంధనలో సాహిత్య, నాటక రచనల సరసన చిత్రాలను కూడా చేర్చి, పరిమాణానికీ పేరు పేర్కొనడానికీ స్పష్టమైన షరతులు పెట్టాలని కోరుతున్నాను. అంతవరకు ప్రచురణ సంస్థలు ఏ బొమ్మను ఎందుకు వాడుకున్నాయో, ఎంత చిన్నది చేశాయో వ్యాసం వారీగా రాసి భద్రపరచుకోవాలి. గ్రంథాన్ని కంప్యూటర్ తెర మీద చదివే రూపంలో ఇచ్చేటప్పుడు కూడా, పెద్దది చేసి అచ్చు తీసుకోవడానికి వీలులేనంత తక్కువ స్పష్టతతోనే బొమ్మలు పెట్టాలి. మా సంపుటం ఇంకా అచ్చుకు వెళ్లలేదు. ఆ బూడిదరంగు గళ్లలో మూడింటికి ఈ పద్ధతిలో వివరణ రాసి, వాటిని తిరిగి పరిశీలించమని ప్రచురణకర్తకు పంపాను.

ఇట్లు,
ఒక విజ్ఞాన సర్వస్వ పరిష్కర్త