పన్ను సంగతి తర్వాత, ముందు సెక్షన్ 8 సంగతి చూడండి

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను హెచ్‌ఐవీ నివారణ ప్రాజెక్టులో పదకొండేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. ఆ పదకొండేళ్లలో ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నా నోట మాట రాలేదు. సెక్స్ వర్కర్లు వచ్చి పరీక్షలు చేయించుకునే మా డ్రాప్ ఇన్ సెంటర్‌లో ఒకావిడ రక్తపరీక్ష అయిపోయాక కూడా లేవకుండా కూర్చుంది. చేతిలో కొడుకు ఆధార్ జిరాక్సు. దాన్ని మడుస్తూ, విప్పుతూ చివరికి అడిగింది: "మేడమ్, వచ్చే నెల మావాడికి పద్దెనిమిది నిండుతాయి. వాణ్ణి ఇంట్లో ఉంచుకోవచ్చా, ఎక్కడికైనా పంపించెయ్యాలా?"

ఆమె ఎందుకలా అడిగిందో మీకు తెలియకపోదు. 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం, మావాళ్ల నోట్లో 'పీటా', మీ శాఖ కిందే ఉంది. వ్యభిచారం మీద వచ్చే సంపాదనతో, తెలిసి కూడా, పూర్తిగానో కొంతగానో బతికే పద్దెనిమిదేళ్లు దాటినవారెవరికైనా రెండేళ్ల దాకా జైలు వేయొచ్చని దాని నాలుగో సెక్షన్ చెబుతుంది. బ్రోకర్లను పట్టుకోవడానికి రాసిన మాటలవి. తల్లి కట్టిన ఫీజుతో డిగ్రీ చదివే కుర్రాడికీ అవే మాటలు తగులుతాయి. ఆ సంగతి ఆమెకు చెప్పింది లాయరు కాదు. నెలనెలా వచ్చి డబ్బు తీసుకుపోయే కానిస్టేబులు. రేటు పెంచడానికి చెప్పాడు.

ఈ వృత్తిని చట్టబద్ధం చేసి, లైసెన్సులిచ్చి, పన్ను వేసి, ఒక పద్ధతిలో పెట్టాలన్న వాదన మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. అరికట్టలేనప్పుడు చట్టబద్ధం ఎందుకు చేయరని 2009లో సుప్రీంకోర్టు ధర్మాసనమే కేంద్రాన్ని అడిగింది. ఆ మాట అనేవాళ్లలో ఈ స్త్రీల మేలు కోరేవాళ్లు చాలామందే ఉన్నారు. అయినా లైసెన్సు దారి వద్దని మిమ్మల్ని వేడుకోవడానికే ఈ ఉత్తరం. పోలీసు చేతిలోంచి ఈ స్త్రీలను ముందు బయటికి తీయండి. ఆ పని చేయకుండా ఇంకేది చేసినా వాళ్ల మెడకు మరో తాడు పడుతుంది.

చట్టం ఇప్పుడెలా ఉందో చూడండి. వయసొచ్చిన మనిషి తన ఇష్టంతో ఈ పని చేయడం నేరమని ఏ సెక్షనూ చెప్పదు. కానీ దాని చుట్టూ ఉన్నదంతా నేరమే. విటుణ్ణి పిలిస్తే ఎనిమిదో సెక్షన్. గుడికో బడికో ఆసుపత్రికో 200 మీటర్లలోపు దొరికితే ఏడో సెక్షన్. ఇద్దరాడవాళ్లు భయంతోనో, అద్దె కలిసొస్తుందనో ఒకే ఇంట్లో ఉండి ఈ పని చేసుకుంటే రెండో సెక్షన్‌లోని నిర్వచనం ప్రకారం ఆ ఇల్లు బ్రోతల్. అంటే ఒంటరిగా ఉండు, ఎవరినీ తోడు తెచ్చుకోకు, చీకట్లోనే బేరం ఆడుకో అని చట్టమే చెబుతోంది. ఆ ఎనిమిదో సెక్షన్ కింద దొరికింది ఆడమనిషైతే మొదటిసారే ఆరు నెలల దాకా జైలు. అదే తప్పు మగవాడు చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలలు. మహిళల కోసం ఉన్న శాఖ ఈ లెక్కను ఇన్నేళ్లుగా ఎలా మోస్తోందో నాకు అర్థం కాదు.

పన్ను గురించి ఒక్క మాట. వాళ్లు ఇప్పటికే కడుతున్నారు. దాని పేరు మామూలు. రసీదు ఉండదు, రేటు ఉండదు, పండగలకు పెరుగుతుంది. డబ్బు లేని రోజున ఇంకో రకంగా వసూలు చేసుకుంటారు. అలా వసూలు చేసుకున్న రాత్రి మర్నాడు మా సెంటర్‌కొచ్చి గోడవైపు తిరిగి పడుకున్న మనుషులను నేను చూశాను. ఖజానాకు ఎంతొస్తుందన్న లెక్క తర్వాత వేసుకోవచ్చు. ఈ వసూలు ఆగితే వాళ్ల చేతిలో ఎంత మిగులుతుందో ముందు ఆ లెక్క వేయండి.

లైసెన్సు అంటే రిజిస్టరు. రిజిస్టరంటే పేరు, ఊరు, ఫొటో. ఈ ప్రయోగం మన నేల మీద ఒకసారి జరిగింది. 1868లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చి స్త్రీల పేర్లు నమోదు చేసింది, బలవంతంగా పరీక్షలు చేయించింది, జబ్బుందంటే 'లాక్ హాస్పిటల్'లో పెట్టింది. పరీక్షలన్నీ ఆడవాళ్లకే, వాళ్ల దగ్గరికి వెళ్లిన సిపాయిలకు లేవు. ఆ నమోదును తప్పించుకోవడానికి ఎందరో దాక్కున్నారు. 1888లో ఆ చట్టాన్ని రద్దు చేయక తప్పలేదు. మొన్నమొన్నటి ఉదాహరణ జర్మనీ. 2002లో అక్కడ చట్టబద్ధం చేశారు, 2017లో నమోదు తప్పనిసరి చేశారు. 2023 చివరికి అక్కడ నమోదైనవాళ్లు సుమారు 30,600 మంది. అసలు ఈ పనిలో ఉన్నవాళ్లు దానికి ఎన్నో రెట్లని అక్కడివాళ్లే ఒప్పుకుంటారు. పేరు రాయించుకోలేనివాళ్లంతా మళ్లీ చట్టం బయటే మిగిలిపోయారు.

మన దేశంలో ఎవరు రాయిస్తారు చెప్పండి? ఎయిడ్స్ నియంత్రణ సంస్థ లెక్కల్లోనే మహిళా సెక్స్ వర్కర్లు 8 లక్షలకు పైమాటే. వాళ్లలో చాలామంది ఊళ్లో బట్టల షాపులో పని అనో, వంట పని అనో చెప్పుకుని బతుకుతున్నవాళ్లు. బ్యాంకు ఖాతా తెరిపించడానికి ఒకామెను తీసుకెళ్లినప్పుడు 'వృత్తి' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. 'గృహిణి' అని నేనే రాశాను. కూతురికి సంబంధాలు చూస్తున్న ఆ తల్లి ప్రభుత్వ కార్డు మీద తన వృత్తి రాయించుకుంటుందని మీరు అనుకుంటున్నారా?

న్యూజిలాండ్ వేరే దారి పట్టింది. 2003లో అనుకూలంగా 60, వ్యతిరేకంగా 59 ఓట్లతో, అంటే ఒకే ఒక్క ఓటు తేడాతో, అక్కడి పార్లమెంటు ఈ పనిని నేరాల జాబితాలోంచి తీసేసింది. ఎవరి పెత్తనం కింద కాకుండా నలుగురి దాకా కలిసి ఒక ఇంట్లో పనిచేసుకుంటే ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. మన చట్టంలో ఇద్దరుంటేనే బ్రోతల్! 2014లో అక్కడ ఒక సెక్స్ వర్కర్, తనను లైంగికంగా వేధించిన బ్రోతల్ నిర్వాహకుడి మీద మానవ హక్కుల ట్రిబ్యునల్‌కు వెళ్లి 25,000 డాలర్ల పరిహారం గెలుచుకుంది. ఆ వార్త మావాళ్లకు చదివి వినిపిస్తే కథ చెబుతున్నానని నవ్వారు. ఆ చట్టంలోనూ లోపముంది. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లను అది బయటే ఉంచింది, అందుకే వాళ్లు ఫిర్యాదు చేయడానికి భయపడతారు. ఎవరిని బయట వదిలేస్తే దోపిడీ వాళ్ల దగ్గరికే పోతుంది.

స్వీడన్ 1999 నుంచి ఈ పని చేసే స్త్రీని వదిలేసి కొనేవాణ్ణి శిక్షిస్తోంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ వాడు భయపడితే బేరం ఇంకా చీకట్లోకి, ఇంకా తొందరలోకి జరుగుతుంది. మనిషి ఎలాంటివాడో చూసుకునే ఆ రెండు నిమిషాలు కూడా ఆమెకు మిగలవు.

"ఇలా వదిలేస్తే ఆడపిల్లల అమ్మకాలు పెరగవా?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. నేనూ ఆడపిల్ల తల్లినే. మనుషుల అక్రమ రవాణాను శిక్షించే భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌నూ, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సోనూ అంగుళం కూడా కదిలించమని నేను కోరడం లేదు. అయితే ఒక రాత్రి సంగతి వినండి. మా పీర్ వర్కర్, అంటే ఈ వృత్తిలోనే ఉంటూ తోటివాళ్ల మధ్య మా ప్రాజెక్టుకు పనిచేసే ఒకామె ఫోన్ చేసి, పై గదిలోకి కొత్త పిల్ల వచ్చింది, పదిహేనేళ్లు కూడా ఉండవు, అన్నం ముట్టడం లేదు, మీరే పోలీసులకు చెప్పండి, నా పేరు రానివ్వొద్దు అంది. తనే ఎందుకు చెప్పలేదు? చెబితే ముందు కేసు తన మీదే పడుతుంది కాబట్టి. నేను మనుషులను కదిలించేసరికి తెల్లారింది. ఆ గది ఖాళీగా ఉంది. కలకత్తాలోని రెడ్‌లైట్ ప్రాంతం సోనాగాచిలో సెక్స్ వర్కర్ల దర్బార్ సంఘం మహిళలు కొత్తగా వచ్చినవాళ్ల వయసునూ ఇష్టాన్నీ తామే కనుక్కునే బోర్డులు పెట్టుకున్నారు. పసిపిల్ల గదిలోకి రావడం ముందుగా కనబడేది వాళ్లకే. వాళ్ల నోరు కట్టేసి మనం ఎవరిని కాపాడుతున్నాం?

ఇక 'రక్షణ' సంగతి. దాడి చేసి తెచ్చిన మేజర్ స్త్రీని పదిహేడో సెక్షన్ కింద ఏడాది నుంచి మూడేళ్ల దాకా హోమ్‌లో ఉంచొచ్చు. ఆమె ఏ నేరమూ చేయలేదు. బయట ఆమె పిల్లలు ఎవరింట్లో తింటున్నారో అడిగేవాళ్లుండరు. మర్నాటి పేపర్లో 'ఇద్దరు యువతులు, ముగ్గురు విటులు' అని వస్తుంది. ఫొటోలో చున్నీతో ముఖం దాచుకున్నది యువతులే.

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు మీ దగ్గర ఉన్నాయి. కండోములను నేరానికి సాక్ష్యంగా చూపొద్దంది, పోలీసులు మర్యాదగా మెలగాలంది, ఫొటోలు వేయొద్దంది, హోమ్‌లలో ఇష్టానికి విరుద్ధంగా ఉన్న మేజర్ స్త్రీల సంగతి తేల్చమంది. చట్టం వచ్చేవరకూ ఇవి అమల్లో ఉంటాయని కూడా చెప్పింది. ఆ చట్టం తేవాల్సింది మీరు. దీనికోసం కోర్టు వేసిన కమిటీ చేసిన మిగతా సిఫార్సులపై కేంద్రానికి అభ్యంతరాలున్నాయని కోర్టులో చెప్పారు. అవేమిటో మా అందరికీ వివరంగా చెప్పండి.

నేను కోరేది పెద్ద విషయం కాదు. ఎనిమిదో సెక్షన్ తీసేయండి. నాలుగో సెక్షన్‌లోంచి తల్లిదండ్రులనూ పిల్లలనూ తప్పించండి. కలిసి ఉండే స్త్రీల ఇంటిని బ్రోతల్ అనకండి. మేజర్ స్త్రీ వద్దంటే ఏ హోమూ ఆమెను ఒక్క రాత్రి కూడా ఉంచకూడదని రాయండి. ముసాయిదా రాసేటప్పుడు వాళ్లను పిలవండి.

మీరు పిలిస్తే రావడానికి నలుగురు సిద్ధంగా ఉన్నారు. నేను కనుక్కునే రాస్తున్నాను. కొడుకును దూరపు హాస్టల్లో వేసి, వాడు సెలవులకు వస్తానంటే వద్దంటున్న ఆ తల్లి కూడా వస్తానంది. ఒకటే షరతు పెట్టారు: గేటు దగ్గర విజిటర్ల పుస్తకంలో పేరు రాయమనకూడదు, ఫొటో తీయకూడదు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక మాజీ కౌన్సెలర్