సూర్యోదయం చూడటానికి వెళ్లినవాళ్లు సైతాను భక్తులా?

సంపాదకుడు గారికి,

ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతి కట్టడం స్టోన్‌హెంజ్ దగ్గర సూర్యోదయానికి చేరినవాళ్లు సైతానుకి రహస్య పూజలు చేసి బలులిచ్చారంటూ జూన్ నెలాఖరులో మీ అంతర్జాతీయం పేజీలో వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. ఆలస్యంగా రాస్తున్నానని తెలుసు. రెండు మూడు రోజుల్లో మీరే సవరణ వేస్తారని ఎదురుచూశాను. వెయ్యలేదు సరికదా, మొన్న ఆదివారం అదే వార్తకి చిలవలు పలవలు చేర్చి ‘సైతాను ఆరాధకుల జాతర’ అంటూ మళ్లీ వడ్డించారు. పక్కన వేసిన ఫొటో స్టోన్‌హెంజ్‌ది కూడా కాదు. ఎవరో హాలోవీన్ వేషం వేసుకుని దిగిన ఫొటో.

నేనుండేది స్విండన్‌లో. ఆ రాళ్లు మాకు కారులో గంట దూరం. పగలు అన్నిటికన్నా పొడవుగా ఉండే రోజున తెల్లవారకముందే వేలమంది అక్కడికి చేరతారు. వాళ్లలో చాలామంది విద్యార్థులు, పర్యాటకులు, పిల్లల్ని భుజాన వేసుకొచ్చిన మామూలు కుటుంబాలవాళ్లు. తెల్లని అంగీల్లో కనిపించే డ్రూయిడ్లు (ప్రాచీన కెల్టు పూజారుల పేరు పెట్టుకున్నవాళ్లు), ఇతర పేగన్లు (క్రైస్తవానికి ముందటి దేవతల్నో ప్రకృతినో కొలిచేవాళ్లు) కొందరు. డప్పులు కొడతారు, పాడతారు, సూర్యుడు వస్తే చూస్తారు, మబ్బు పడితే తిట్టుకుంటూ ఇంటికి పోతారు. 2000 సంవత్సరం నుంచి ఆ కట్టడాన్ని చూసుకునే సంస్థే ఆ రాత్రి ఉచితంగా లోపలికి వదులుతోంది, పార్కింగూ మరుగుదొడ్లూ ఏర్పాటు చేస్తోంది. మీ విలేఖరి కనిపెట్టిన ‘రహస్య’ పూజ ఇదన్నమాట!

సైతాను క్రైస్తవుల నమ్మకంలోని వాడు. అతణ్ని పూజించాలంటే ముందు అతనున్నాడని నమ్మాలి కదా. పేగన్లు అసలు ఆ లెక్కలోకే రారు. వాళ్లలో విక్కా మార్గంవాళ్లు ఒక దేవతనీ, కొమ్ములున్న ఒక దేవుణ్నీ కొలుస్తారు. ఆ కొమ్ములు వేటకీ అడవికీ గుర్తు. కొమ్ములున్న ప్రతివాడూ సైతానే అయితే మన నందీశ్వరుడి గతేం కాను? విక్కాకి గుర్తైన అయిదు కోణాల నక్షత్రం చూసి కూడా మీ విలేఖరి బెంబేలెత్తాడు. విక్కన్ సైనికుల సమాధుల మీద ఆ నక్షత్రం చెక్కడానికి అమెరికా ప్రభుత్వమే 2007లో ఒప్పుకుంది, అదీ కోర్టుకెక్కాక.

బలులన్నారు. వాళ్లు సమర్పించేది రొట్టె, తేనె పులియబెట్టి చేసిన మద్యం, పూలు, పళ్లు. నగ్నపూజలన్నారు. విక్కాలో కొన్ని చిన్న బృందాలు అలా చేసే మాట నిజమే, అదీ నాలుగు గోడల మధ్య. మంత్రాలు వేస్తారా అంటే వేస్తారు, దాచేదేముంది? అయితే ఎవరికీ హాని చేయకుండా నీకు నచ్చింది చెయ్యమన్నదే విక్కా ప్రధాన నియమం. అందరికీ కలిపి ఒక గ్రంథం లేదు, ఒక గురువు లేడు. అనేక దేవతల్ని నమ్మేవాళ్లున్నారు, దేవతలంటే ప్రకృతికి ప్రతీకలే అనేవాళ్లున్నారు, అసలు దేవుడే లేడనేవాళ్లూ ఉన్నారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో దాదాపు 74 వేలమంది తాము పేగన్లమని రాసుకున్నారు, మరో 13 వేలమంది విక్కా అన్నారు. నర్సులు, మాస్టార్లు, బస్సు డ్రైవర్లు, అందరూ ఉంటారు ఆ లెక్కలో.

ఇంకో తప్పు ఉంది, దీనికి మీ ఒక్కర్నే అని లాభం లేదు, పేగన్లలోనూ కొందరు ఇదే చెప్పుకుంటారు. వేల ఏళ్లుగా తెగకుండా వస్తున్న మతమట! విక్కాని లోకానికి చాటింది జెరాల్డ్ గార్డనర్. మలయాలో (ఇప్పటి మలేషియాలో) కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. 1951లో బ్రిటన్‌లో మంత్రవిద్యల మీదున్న పాత చట్టం రద్దయ్యాక, 1954లో పుస్తకం అచ్చేశాడు. క్రైస్తవానికి ముందటి పాత మతం రహస్యంగా బతికుందని ఈజిప్టు చరిత్ర పండితురాలు మార్గరెట్ మర్రే చేసిన వాదన మీద ఆధారపడ్డాడు, ఆ వాదన చరిత్రకారుల ముందు నిలవలేదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన చరిత్రకారుడు రొనాల్డ్ హటన్ ఇదంతా ఓపిగ్గా తవ్వి తీశాడు. స్టోన్‌హెంజ్‌లోని పెద్ద రాళ్లు నిలబెట్టి 4,500 ఏళ్లవుతోంది. డ్రూయిడ్ల గురించి రోమన్లు రాసింది ఆ తర్వాత రెండు వేల ఏళ్లకి పైగా గడిచాక. అంచేత ఆ రాళ్లు డ్రూయిడ్లు నిలబెట్టారనడానికీ ఆధారం లేదు. ‘తొంభై లక్షలమంది మంత్రగత్తెల దహనం’ అని ఒకప్పటి ఐరోపా గురించి మీరు వేసిన అంకె కూడా ఎప్పుడో కొట్టిపారేసిందే. చరిత్రకారుల అంచనా 40 నుంచి 60 వేలు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది చర్చికి పోయే పల్లెటూరి ఆడవాళ్లు, పేగన్లు కారు.

విచిత్రమేమంటే, కిందటి డిసెంబరులో మీ ఆదివారం అనుబంధమే ఈ పేగన్లంతా ‘తప్పిపోయిన హిందువులు’ అని రాసి మురిసిపోయింది. డిసెంబరులో మనవాళ్లు, జూన్‌లో సైతాను భక్తులు! రెండూ వేసిన డెస్కు ఒకటే కదండీ? ఏజెన్సీ కాపీ వస్తే చదివి, అనుమానమొస్తే ఫోన్ చేసి కనుక్కునే సబ్ ఎడిటర్లు ఒకప్పుడుండేవారు. ఇప్పుడు శీర్షికకి ఎన్ని క్లిక్కులొస్తాయో చూసుకునేవాళ్లున్నారు. సవరణల పెట్టె కూడా ఎత్తేశారు. తప్పులు చేయడం మానేశారేమో అనుకున్నాను!

ఎక్కడో ఇంగ్లండ్ సంగతి, మనకెందుకంటారా? మన ఊళ్లలో నాలుగు రోడ్ల కూడలిలో నిమ్మకాయ, కుంకుమ కనబడితే చాలు, ఇదే డెస్కు ‘క్షుద్రపూజల కలకలం’ అని జిల్లా పేజీ నింపుతుంది. చేతబడి చేశారన్న అనుమానంతో ముసలివాళ్లని కొట్టి చంపిన వార్త కూడా ఆ పేజీలోనే, కింద మూల, నాలుగు లైన్లు. ఎవరైనా చచ్చాక పోలీసులొచ్చి అవగాహన సదస్సు పెడతారు, ఫొటో దిగుతారు, పోతారు. మహారాష్ట్ర 2013లోనే మూఢనమ్మకాల మీద చట్టం చేసుకుంది. మన నాయకులకి యాగాలు చేయించుకోవడంలో ఉన్న తీరిక దీనికి ఉన్నట్టు లేదు. వాళ్లని అడగాల్సిన పత్రిక సైతాను జాతరలు వేసుకుంటోంది.

మొదటి పేజీలో క్షమాపణ వెయ్యమని అడగడం లేదు. సైతాను, బలులు, తొంభై లక్షలు, ఈ మూడూ తప్పని ఆ వార్త వచ్చిన అంతర్జాతీయం పేజీలోనే వెయ్యండి. వెబ్‌సైట్‌లో ఇంకా ఉన్న ఆ ఫొటో తీసేయండి. ఈ సంగతే మీ ఆఫీసుకి ఈమెయిల్ కూడా చేశాను. ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని యంత్రం జవాబిచ్చింది.

ఇట్లు,
చాలా ఏళ్లుగా మీ పాఠకుడు,
స్విండన్, ఇంగ్లండ్