ఆపదలో ఉన్న ఓడకు రేవు చూపించండి
(కేంద్ర నౌకాయాన శాఖ మంత్రికి వరంగల్ నుంచి బహిరంగ లేఖ)

శ్రీ సర్బానంద సోనోవాల్ గారికి,
కేంద్ర ఓడరేవులు, నౌకాయానం, జలమార్గాల శాఖ మంత్రి,
న్యూఢిల్లీ.

అయ్యా, నమస్కారం.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి వ్యాపారం చేస్తాను. సముద్రం సంగతి మాట్లాడటానికి వరంగల్ వాడికేం పని అని మీ కార్యాలయంలో ఎవరైనా అనుకుంటే తప్పు లేదు. మాకు అన్నిటికన్నా దగ్గరి తీరానికి పోవాలన్నా పూట ప్రయాణం. కానీ మీరు దిబ్రూగఢ్ మనిషి. మీ అస్సాంకూ సముద్రం లేదు, అయినా ఈ శాఖ చూస్తున్నది మీరే. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో బిమ్స్‌టెక్ (బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి) దేశాలు సముద్ర రవాణా సహకార ఒప్పందం చేసుకున్నప్పుడు సముద్రమే లేని నేపాల్, భూటాన్ కూడా ఆ బల్ల దగ్గర ఉన్నాయి. వాళ్లకున్నపాటి హక్కు మాకూ ఉంటుందనుకుని రాస్తున్నాను.

మా మార్కెట్లో పొద్దున్నే జెండా పాట (ధర తేల్చే వేలం) పాడేది ఇక్కడి ఖరీదుదారులే. కానీ తేజ రకం ధర ఎక్కడ నిలబడుతుందో చాలావరకు తేల్చేది చైనా ఆర్డర్లు. శ్రీలంక, బంగ్లాదేశ్, థాయిలాండ్ కూడా మన మిర్చి కొంటాయి. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టల్లోంచి కోసిన గ్రానైట్ బండలు వ్యాగన్ల మీద కాకినాడ పోయి అక్కడ ఓడ ఎక్కుతాయి. మా రైతు పొలంలో చల్లే పొటాష్ మొత్తం బయటి దేశాల నుంచి వచ్చేదే. 2025 వానాకాలంలో యూరియా కోసం జనం సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి నిలబడ్డప్పుడు "ఓడ ఎప్పుడొస్తదంట?" అన్న మాట మా ఊళ్లలో నా చెవిన పడింది. సముద్రం ముఖం చూడని మనుషులు అడిగిన ప్రశ్న అది.

నేను అడగదలచుకున్నది ఒక్క విషయం. నడిసముద్రంలో ఓడకు ఆపద వస్తే ఏ రేవు దాన్ని రానివ్వాలి, ఆ మాట ఎవరు చెప్పాలి? దీన్ని మన చుట్టూ ఉన్న దేశాలన్నీ కలిసి ముందే తేల్చిపెట్టుకోవాలి.

ఎక్స్‌ప్రెస్ పర్ల్ సంగతి మీకు తెలిసిందే, అయినా ఈ లేఖ చదివే మా వాళ్ల కోసం చెబుతాను. 2021లోనే పనిలోకి దిగిన కొత్త ఓడ. సింగపూర్ జెండా. 1,486 కంటైనర్లు ఎక్కించుకుంది, సరుకులో 25 టన్నుల నైట్రిక్ యాసిడ్ కూడా ఉంది. ఒక కంటైనర్లోంచి యాసిడ్ కారుతోందని కొలంబో చేరడానికి వారం ముందే సిబ్బందికి తెలుసు. ఆ పెట్టెను దించుకోండని ఖతార్‌లోని హమద్ రేవును అడిగారు, కుదరదన్నారు. తర్వాత మన గుజరాత్‌లోని హజీరాను అడిగారు, అక్కడా కుదరలేదు. అలాంటి సరుకును చూసే నిపుణులు, సౌకర్యాలు అప్పటికప్పుడు లేవన్నది చెప్పిన కారణం. కారుతున్న పెట్టెతోనే ఓడ కొలంబో దాకా పోయింది. మే 20న మంటలు లేచాయి, జూన్ 2న మునిగింది.

ఆ ఓడలో సుమారు 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలున్నాయి. బకెట్లు, కుర్చీలు పోత పోసే ఫ్యాక్టరీలకు వెళ్లే ముడిసరుకు అది, ఒక్కోటి పప్పు గింజంత ఉంటుంది. నెగొంబో తీరంలో సైనికులు ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకుని ఇసుకను జల్లెడ పట్టారు. ఒక అల వచ్చిందంటే జల్లించిన చోటే మళ్లీ గుళికలు. వందల తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అక్కడి జాలర్లకు వేట బంద్. 2025 జులైలో శ్రీలంక సుప్రీంకోర్టు వంద కోట్ల డాలర్ల పరిహారం కట్టమని తీర్పు ఇచ్చింది.

కెప్టెన్ తప్పెంత, ఏజెంట్ల తప్పెంత, యజమాని తప్పెంత అన్నది కోర్టుల పని. నాకు కొరుకుడు పడనిది ఆ ఒక్క పెట్టె. యాసిడ్ కారే కంటైనర్‌ను క్రేన్‌తో ఎత్తి, మనుషులు తిరిగే యార్డులో పెట్టడం మామూలు పని కాదు, హజీరా వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయితే దించుకోలేమని చెప్పిన రేవు, ఓడ తర్వాత ఏ రేవుకు పోతోందో ఆ రేవుకు "ఇట్లాంటి పెట్టెతో వస్తోంది, చూసుకోండి" అని కబురు పెట్టి తీరాలన్న నియమం మన ప్రాంతంలో ఉండాలా వద్దా? మా మార్కెట్లో తడిసిన బస్తా ఒకటి దిగితే సాయంత్రానికి అన్ని కోల్డ్ స్టోరేజీలకూ తెలిసిపోతుంది.

మంటలు లేచాక మన కోస్ట్ గార్డ్ ఓడలు వెంటనే వెళ్లి శ్రీలంకకు సాయం చేశాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అంతకుముందు 2020 సెప్టెంబరులో న్యూ డైమండ్ అనే ట్యాంకర్ కువైట్ నుంచి పారాదీప్‌కు 2.7 లక్షల టన్నుల ముడిచమురు తెస్తూ శ్రీలంక తూర్పు తీరం దగ్గర అంటుకుంది. ఒక సిబ్బంది ప్రాణం పోయింది. రెండు దేశాలూ కలిసి మంట ఆర్పాయి, ఆ ముడిచమురు సముద్రం పాలు కాలేదు. కలిసి పనిచేయడం మనకు చేతకాక కాదు. మంట కనబడ్డాక బయల్దేరుతున్నాం, అదే నా బాధ.

2025 మే, జూన్ నెలలు చూడండి. విళింజం నుంచి కొచ్చి వస్తున్న ఎమ్మెస్సీ ఎల్సా 3 ఒరిగి మే 25న మునిగిపోయింది. లైబీరియా జెండా, 1997 నాటి ఓడ. 24 మందినీ మన కోస్ట్ గార్డ్, నేవీ బయటికి తీశాయి. 640 కంటైనర్లలో పన్నెండింట్లో కాల్షియం కార్బైడ్ ఉందన్నారు. కార్బైడ్ అంటే ఏమిటో మా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, మామిడికాయలు మగ్గబెడుతూ దొరికిపోయినవాళ్ల వార్తలు ఏటా ఎండాకాలం చదువుతూనే ఉంటాం. దానికి నీళ్లు తగిలితే మండే గ్యాస్ వస్తుంది. అలాంటిది సముద్రంలో పడ్డది. కేరళ తీరం జనమంతా, కొట్టుకొచ్చిన పెట్టెల దగ్గరికి పోవాలా వద్దా తెలియక టెన్షన్ పడ్డారు. తిరువనంతపురం ఇసుకలోనూ అవే ప్లాస్టిక్ గుళికలు తేలాయి. పక్షం రోజులు గడిచాయో లేదో, జూన్ 9న కొలంబో నుంచి ముంబై నవా షేవా వస్తున్న వాన్ హాయ్ 503 అంటుకుంది. 22 మందిలో 18 మందిని కాపాడగలిగారు, నలుగురు గల్లంతయ్యారు. కాలుతున్న ఆ ఓడను టగ్గులతో తీరానికి దూరంగా లాక్కుపోయి వారాల తరబడి నీళ్ల మీదే తిప్పారు. దూరం లాగడం ఆ పూటకు తప్పనిసరే, ఒడ్డుకు కొట్టుకొస్తే ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. మరి ఆ తర్వాత ఎక్కడికి?

యూరప్ వాళ్లకు ఈ బుద్ధి దెబ్బ తిన్నాకే వచ్చింది. 2002 నవంబరులో ప్రెస్టీజ్ అనే పాత ట్యాంకర్ 77,000 టన్నుల ఇంధన నూనెతో స్పెయిన్ దగ్గర దెబ్బతింది. రేవులోకి రానిస్తే మా తీరం పాడవుతుందని స్పెయిన్ దాన్ని సముద్రంలోకి తరిమింది. ఆరు రోజులు తిరిగి తిరిగి రెండు ముక్కలై మునిగింది. ఏ తీరం పాడవుతుందని తరిమారో ఆ గలీసియా తీరమే నల్లబడింది, ఫ్రాన్స్ దాకా జిడ్డు పోయింది. ఆ తర్వాత యూరోపియన్ యూనియన్ దేశాలు ఆశ్రయమిచ్చే రేవుల ప్రణాళికలను ముందే రాసుకుని, నిర్ణయాన్ని స్వతంత్ర అధికారి చేతిలో పెట్టే పద్ధతి తెచ్చుకున్నాయి. అంతర్జాతీయ సముద్ర సంస్థ కూడా 2003లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలే, కట్టడి కాదు. ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న దేశాలైతే టొరీ కేన్యన్ ట్యాంకర్ ప్రమాదం జరిగిన రెండేళ్లకే, 1969లో, బాన్ ఒప్పందం చేసుకుని ఎవరు ఏ భాగం చూడాలో పంచుకున్నాయి. ఇప్పటికీ విమానాలతో కలిసి నిఘా పెడతాయి.

మన దగ్గర కాగితాలకు కరువు లేదు. కొలంబోలో దక్షిణాసియా సహకార పర్యావరణ కార్యక్రమం 1982 నుంచి ఉంది. మనం, పాకిస్తాన్, శ్రీలంక, బంగ్లాదేశ్, మాల్దీవులు కలిసి 1995లో దక్షిణాసియా సముద్రాల కార్యాచరణ ప్రణాళిక ఒప్పుకున్నాం. చమురు ఒలికితే పరస్పరం సాయపడే ఒప్పందానికి మన కేబినెట్ 2018లో ఆమోదం తెలిపింది. ఇవన్నీ ప్రధానంగా ఒలికాక ఏం చేయాలన్న దాని గురించి. ఒలకకముందు ఆ రెండు మూడు రోజుల్లో ఓడ "నాకు రేవు కావాలి" అని అడిగినప్పటి మాటేమిటి?

దీనికి అడ్డం పడేది ఎవరో నాకు తెలుసు, వాళ్ల మీద నాకు కోపం లేదు. రేపు మీరు ఆశ్రయమిచ్చే రేవు కాకినాడ అనో విశాఖ అనో పేరు పెడితే, మర్నాడే జాలరిపేటల్లో జనం రోడ్డు మీదికి వస్తారు. మా వేట మీద, మా పిల్లల మీద ఈ విషం ఎందుకు పోస్తారని అడుగుతారు. 2017 జనవరిలో ఎన్నూర్ దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు మొదట నష్టం పెద్దగా లేదన్నారు. తర్వాత చూస్తే చెన్నై కుర్రవాళ్లు మోకాలి లోతు జిడ్డులో నిలబడి బకెట్లతో తోడారు. అది చూసిన జాలరి మీ మాట ఎందుకు నమ్మాలి? నాకూ ఆ తీరం మీద మమకారం ఉంది. మా కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్న గోదావరే కాకినాడ పక్కన కోరింగ మడ అడవులకు నీళ్లిస్తుంది. ఆ వేళ్లకు చమురు పట్టిందంటే కడిగేవాడు లేడు.

అందుకే రేవు పేరుతో పాటు నాలుగు సంగతులు ఒకే కాగితం మీద ఉండాలంటాను. ఆ రేవులో యాసిడ్, చమురు, మంట చూడగల మనుషులు, సామగ్రి ఏడాది పొడుగునా సిద్ధంగా ఉండాలి. ఓడ లోపలికి రాకముందే బీమా కంపెనీ నుంచి హామీ పత్రం తీసుకోవాలి, వేట ఆగితే జాలర్ల కూలి అందులోంచి వారం వారం పడాలి, కోర్టు తీర్పు దాకా ఆగకూడదు. ఓడలో ఏ పెట్టెలో ఏముందో ఆ జాబితా తీరం కలెక్టర్ చేతికి అదే రోజు రావాలి. నిర్ణయం చెప్పే అధికారి రేవు యాజమాన్యం మనిషి అయి ఉండకూడదు, ఎన్నికలున్న రాష్ట్ర ప్రభుత్వం మనిషీ అయి ఉండకూడదు. కాదంటే ఎందుకు కాదో గంటల్లో రాసివ్వాలి, అది పక్క దేశం రేవుకూ పోవాలి. శ్రీలంక, బంగ్లాదేశ్, మాల్దీవులు ఇదే మాట మీద ఉంటేనే పని జరుగుతుంది, లేకపోతే కఠినంగా ఉన్న రేవును తప్పించుకుని ఓడ మెతక రేవుకు పోతుంది.

బాగ్‌జాన్ మీరు మరిచిపోయి ఉండరు. 2020లో తిన్‌సుకియా దగ్గర ఆ గ్యాస్ బావి పేలినప్పుడు అస్సాం ముఖ్యమంత్రి మీరే. మాగురీ బీల్ అనే చెరువు నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, మంట పూర్తిగా ఆరేసరికి నవంబరు వచ్చింది. సింగపూర్ నుంచి నిపుణులను పిలిపించాల్సి వచ్చింది. బయటివాళ్ల సాయం ఎంత అవసరమో, అది వచ్చేలోపు చెరువు పక్క జనం ఏమవుతారో ఈ దేశంలో ఏ మంత్రి కన్నా మీకే బాగా తెలుసు.

నా స్వార్థం కూడా దాచుకోను. ఓడకు ఆపద వచ్చి యజమాని "జనరల్ యావరేజ్" ప్రకటిస్తే, ఓడనూ సరుకునూ కాపాడటానికి అయిన ఖర్చులో సరుకున్న ప్రతివాడూ వాటా కట్టాలి. 2021లో సూయజ్ కాల్వలో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డం తిరిగినప్పుడు అదే జరిగింది. బీమా లేని చిన్న ఎగుమతిదారు హామీ కట్టేదాకా తన కంటైనర్ తనకు రాదు. మిర్చి అయితే ఆ లోపు రంగు తిరుగుతుంది. ఓడ ఎన్ని రోజులు నీళ్ల మీద తిరిగితే బిల్లు అంత పెరుగుతుంది. ఇక ఆ ఓడ మీద ఉండే పిల్లలు ఎవరు? ప్రపంచానికి నావికులను పంపే పెద్ద దేశాల్లో మనది ఒకటి. 2024లో బాల్టిమోర్ వంతెనను గుద్దిన డాలీ ఓడలో 21 మందికి 20 మంది మనవాళ్లే. మా జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లతో పాటు ఇప్పుడు ఓడ ఎక్కే కుర్రవాళ్లూ ఉన్నారు.

2025 ఆగస్టులో పార్లమెంటు 1958 నాటి చట్టం తీసేసి కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం తెచ్చింది. దాని కింద రాసే నియమాల్లో ఈ సంగతి పెట్టండి. బిమ్స్‌టెక్ సముద్ర రవాణా ఒప్పందం కింద తొలి పనుల్లో ఒకటిగా దీన్నే ఎత్తండి, ఆ గుంపులో లేని మాల్దీవులతో కొలంబో కార్యక్రమం ద్వారా మాట్లాడండి. ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగేటప్పుడు దాన్ని తెలుగులో కూడా పెట్టించండి, ముప్పై రోజుల గడువు చాలదు, తొంభై ఇవ్వండి. కాకినాడ జాలర్ల సంఘాలు చదువుతాయి. ఎనుమాములలో అడ్తిదారులకు, ఖరీదుదారులకు చదివి వినిపించి, వాళ్ల సంతకాలతో మీకు పంపే పూచీ నాది.

ఇట్లు,
ఒక మిర్చి అడ్తిదారు,
ఎనుమాముల, వరంగల్.